మిల్లులో పుట్టిన ‘మంద’

మిర్యాలగూడ నుంచి శ్రీధర్ ఫోన్ చేసినప్పుడు నేను ఇంటర్ పిల్లల తెలుగు పేపర్లు దిద్దుతున్నాను. ఇంట్లో ఎవరి పెళ్లైనా ఉంటే తప్ప మేం మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. అందుకే ఏ పెళ్లి కబురో అనుకొని పెన్ను పక్కన పెట్టాను. “యాదమ్మా, మిల్లు ఇప్పేస్తున్నం. కొత్త మిషన్లు వస్తున్నయ్. నూకల గదిల గోడకు ఒక అట్టపెట్టె దొరికింది. మన క్యాసెట్లే. జల్ది వచ్చి సూడు, లేకుంటె వీళ్లు పాత సామాన్ల కలిపేస్తరు” అన్నాడు. మా ఇంట్లో ఉన్న ఒక్కటీ ఇల్లు మారినప్పుడు పోయింది. ప్రపంచంలో ఇంకెక్కడా మిగల్లేదనే అనుకుంటూ వచ్చాను.

మర్నాడు పొద్దున సూర్యాపేటలో బస్సెక్కి వెళ్లాను. మిల్లు రేకులు సగం ఊడదీశారు. నేనెప్పుడూ చీకటిగానే చూసిన హాలు మధ్యలో ఎండ పడుతోంది. తౌడు వాసన మాత్రం నేల నుంచి ఇంకా పోలేదు. శ్రీధర్ జుట్టు పూర్తిగా నెరిసింది. నడుముకు బెల్టు పెట్టుకున్నాడు. అట్టపెట్టె నా ముందు పెట్టి, తాను విప్పకుండా నన్నే విప్పమన్నాడు. పైవరస క్యాసెట్ల అట్టలను ఎలుకలు అంచుల్లో కొరికాయి, అడుగువి బాగున్నాయి. పసుపు రంగు శుభలేఖ అట్ట, చుట్టూ మామిడాకుల అంచు, మధ్యలో ఎర్రటి అక్షరాలతో ‘మంద’. శుభలేఖలు అచ్చేసే ప్రెస్సాయన దగ్గర మిగిలిన అట్ట అదొక్కటే. మామిడాకులు తీసెయ్యమని ఎంత చెప్పినా, పెళ్లి అట్టకు అంచు లేకపోతే అరిష్టమని ఆయన ఒప్పుకోలేదు. ఆ విధంగా, నాకు తెలిసినంతలో, మామిడాకుల అంచుతో వచ్చిన త్రాష్ మెటల్ ఆల్బం మాదొక్కటే.

త్రాష్ మెటల్ అంటే ఏమిటో తెలియని వాళ్లే ఎక్కువ కాబట్టి చెబుతాను. గిటారు శబ్దాన్ని కావాలని చీల్చి, రంపంతో కోసినట్టు వాయిస్తారు. డ్రమ్ము పరుగెత్తే గుర్రం కన్నా వేగంగా మోగుతుంది. పాడే మనిషి పాడడు, గర్జిస్తాడు. దేశం కాని దేశంలో పుట్టిన ఈ సంగీతం సూర్యాపేటలో గొర్రెలు కాసే ఇంటి పిల్లదాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ ఇంటి గురించి చెప్పాలి.

మా ఇల్లు ఊరు అయిపోయి చేలు మొదలయ్యే చోట ఉండేది. ముందు రెండు గదులు, వెనక గొర్రెల దొడ్డి. ఇంట్లో ఎప్పుడూ రెండు వాసనలు తిరిగేవి. ఒకటి మల్లయ్య తాత గొంగడి వాసన. వానలో తడిస్తే అది ఇల్లంతా నిండి, అన్నంలోకి కూడా వచ్చేది. రెండోది నాయన ఖాకీ బట్టల్లోని డీజిల్. నాయన బస్సు డిపోలో మెకానిక్. అమ్మ ఆ బట్టలను మిగతా వాటిలో కలపనిచ్చేది కాదు, వాటికి వేరే బండ, వేరే తాడు. తాత తెల్లవారకముందే లేచి, జొన్న గట్కలో ఉల్లిగడ్డ నంజుకొని, గొంగడి అంచుతో మీసాలు తుడుచుకొని దొడ్డి తడిక తీసేవాడు. ఇంట్లో ఆయన మాట్లాడడం చాలా తక్కువ. నాలుగు మాటలు అడిగితే ఒక్కటి చెప్పేవాడు. రోజంతా మందతో మాట్లాడి వస్తాడు కదా, ఇంక మనకేం మిగులుతుందని అమ్మ నవ్వేది.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, ఒక చలికాలం పొద్దున, సెలవని తాత వెంట వెళ్లాను. నా చంకలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల ఒకటి ఉంది. మంద హైవే దాటుతోంది. మంచు దట్టంగా ఉంది. హైదరాబాదు వైపు నుంచి వచ్చిన లారీ మందలోంచి వెళ్లిపోయింది. ఆగలేదు. ఎన్ని గొర్రెలు పడ్డాయో నేను చూడలేకపోయాను. మిగిలినవి పక్కకు పోకుండా రోడ్డు నడిమధ్యలో బిగుసుకొని నిలబడ్డాయి. వెనక ఇంకో లారీ లైట్లు కనిపిస్తున్నాయి. అప్పుడు తాత పిలిచాడు. రోజూ పిలిచే పిలుపే అది, కానీ అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. దాన్ని అక్షరాల్లో రాయడం నాకు రాదు, చాలాసార్లు ప్రయత్నించాను. భూమిలోంచి వచ్చినట్టుంది. ఒక్కసారి కదిలి, మంద అంతా రోడ్డు దిగి ఆయన కాళ్ల చుట్టూ చేరింది. రెండో లారీ హారను కొట్టుకుంటూ పోయింది. తాత ఏడవలేదు. పడ్డవాటిని ఒక్కొక్కటే కాళ్లు పట్టి పక్కకు లాగాడు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఆ లారీ ఎవరిదో తెలుసుకోవడానికి నాయన చాలా తిరిగాడు, తెలియలేదు. నాలో మాత్రం కోపం ఉండిపోయింది. దాన్ని ఎవరిమీద పెట్టాలో తెలియక పుస్తకం చివరి పేజీల్లో ఏవేవో రాసుకునేదాన్ని.

ఆ ఎండాకాలమే నాయన డిపో నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. బస్సు సీటులో ఎవరో మరిచిపోయింది, నెలలు గడిచినా ఎవరూ అడగడానికి రాలేదు. పైన పేరు లేదు. “భక్తి పాటలయి ఉంటయ్, ఇను” అని అమ్మకిచ్చాడు. అమ్మ పిండి చేతులతో బటను నొక్కింది. ఒక్క క్షణంలో టేపు రికార్డరు పగిలిపోతుందేమో అన్నంత మోత వచ్చింది. రిబ్బను చిక్కుకుందని అమ్మ ఆపబోయింది. అన్నం తింటున్న తాత చెయ్యెత్తి వద్దన్నాడు. మోత మధ్యలోంచి మనిషి గొంతు ఒకటి చించుకుంటూ వస్తోంది. తాత తల పక్కకు వంచి విన్నాడు.

“వాడు ఎవలనో పిలుస్తుండు” అన్నాడు.

నాకు హైవే గుర్తొచ్చింది. నా పుస్తకం చివరి పేజీల్లోవి పద్యాలు కావనీ, వాటిని ఇలా గొంతెత్తి పిలవాలనీ ఆ పూటే అనిపించింది. మర్నాడు క్యాసెట్ పట్టుకొని పాత బస్టాండు దగ్గర సలీం భాయ్ రికార్డింగు షాపుకు వెళ్లాను. సలీం భాయ్ ఊళ్లో జానపదాలు, కథలు చెప్పేవాళ్లను, భజన బృందాలను రికార్డు చేసి క్యాసెట్లు వేసేవాడు. చెవిలో ఎప్పుడూ అత్తరు దూది ఉండేది. అర నిమిషం విని ఆపేశాడు.

“దీన్ని మెటల్ అంటరు బేటీ. గిసుంటివి కాపీ చెయ్యమని నా దగ్గరికి ఒక్కడే వస్తడు. మిర్యాలగూడ మిల్లు పటేల్ కొడుకు.”

“ఆయన వస్తే నాకు చెప్తవా భాయ్?”

“ఎందుకు?”

“నేను పాడాలె.”

అంతవరకూ నేను బడిలో ప్రార్థన తప్ప ఏమీ పాడలేదు. అయినా ఆ మాట అన్నాక నాకు సిగ్గు వెయ్యలేదు. పదిహేను రోజులకు సలీం భాయ్ కబురు పంపితే షాపుకు వెళ్లాను. శ్రీధర్ అప్పటికి ఇంజనీరింగు చదువుతున్నాడు, హైదరాబాదు నుంచి ఎలక్ట్రిక్ గిటారు తెచ్చుకొని మిల్లు గోడౌన్లో ఒక్కడే వాయించుకునేవాడు. భూములు, మిల్లు, రాజకీయాలు అన్నీ ఉన్న ఇంటి పిల్లవాడు. నన్ను చూసి, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని వాకిట్లోకి చూశాడు. నేను రాసినవి చదవమని ఇచ్చాను. పొద్దున్నే వచ్చిన లారీ గురించి ఒకటి, మేళ్లచెరువు వైపు పత్తి ఆకుల మీద పేరుకునే సిమెంటు దుమ్ము గురించి ఒకటి. రెండోసారి చదివాక అతను నన్ను అండీ అనడం మానేసి నువ్వు అన్నాడు. “డ్రమ్సు ఎవరు కొడ్తరు?” అని అడిగాడు. ఆ ప్రశ్నతోనే బ్యాండు మొదలైందని నా లెక్క.

కిరణ్ కోదాడలో దొరికాడు. శ్రీధర్ బంధువుల పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళంలో సైడు డ్రమ్ము కొడుతున్నాడట. మేళం అంతా ఒక వేగంలో పోతుంటే ఇతను మధ్య మధ్య రెండింతలు పెంచి, యజమాని చూపు పడగానే తగ్గిస్తున్నాడట. క్యాసెట్ వినిపిస్తే కిరణ్ కళ్లు మూసుకొని తొడల మీద వేళ్లతో కొట్టుకుంటూ చివరిదాకా విన్నాడు. తర్వాత తేల్చి చెప్పాడు. “ఇది ఒక్క కాలితో అయ్యేది కాదండీ. రెండు కాళ్లతో తొక్కుతున్నాడు వాడు. నా దగ్గరున్న పెద్ద డ్రమ్ముకి అసలు పెడలే లేదు. రెండు పెడళ్లు ఎక్కడి నుంచి తెస్తారు మీరు?”

తెచ్చింది మా నాయన. నేను కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఎందుకో ఏమిటో అడగకుండా, కాలు ఎంత బరువు వేస్తుంది, స్ప్రింగు ఎంత జల్ది వెనక్కి రావాలి అని మాత్రమే అడిగాడు. డ్యూటీ అయిపోయాక వారం రోజులు కూర్చొని, పాత ఇనుప ముక్కలతో రెండు పెడళ్లు వెల్డింగు చేసి తెచ్చాడు. కిరణ్ వాటిని తొక్కి చూసి, కిందకు వంగి చేత్తో తడిమి, “మీ నాన్నగారిని నాకిచ్చెయ్యి యాదమ్మా” అన్నాడు. సరిగ్గా ఆడే పెడలు తగలడం అతనికి అదే మొదటిసారి.

రెండేళ్లు ఆదివారాలు కలిసి, ఏడు పాటలు తయారు చేసుకున్నాం. రికార్డింగుకు హైదరాబాదు వెళ్లే దారి లేదు. శ్రీధర్ వాళ్ల నాన్న, రెండు పంటల మధ్య మిల్లు ఆపి మిషన్లు బాగుచేయించే రోజుల్లో హాలు వాడుకోనిస్తానన్నాడు. పది రోజులు, అదీ పగలు మాత్రమే. సలీం భాయ్ తన రికార్డరు, మిక్సరు ఆటోలో వేసుకొని వచ్చాడు. మొదటి రోజు డ్రమ్ము ఒక్క దెబ్బ కొడితే రేకుల కింద అది అయిదుసార్లు తిరిగి వచ్చింది. సలీం భాయ్ తల పట్టుకున్నాడు. అందరం కలిసి గోనెసంచులు విప్పి, గోడల నిండా, పైదూలాల నిండా వేలాడదీశాం. సాయంత్రానికి మా కనుబొమల మీద కూడా తౌడే. కరెంటు ఎప్పుడు ఉంటే అప్పుడు రికార్డింగు, పోతే గోనెల మీద పడుకొని ఎదురుచూడడం. టెంటుహౌసు యాంప్లిఫైయరును పూర్తిగా పైకి తిప్పి శ్రీధర్ గిటారు చప్పుడు చీల్చేవాడు. అది వేడెక్కి కాలిన వాసన వస్తే తడిగుడ్డ కప్పేవాళ్లం, తెలివితక్కువ పనని ఇప్పుడు తెలుసు.

నేను రోజూ పొద్దున సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లి చీకటి పడకముందే తిరిగి వచ్చేదాన్ని. అమ్మకు ఇష్టం లేదు. “మొగపిల్లలతోని మిల్లుల ఏం పనే నీకు? రేపు నలుగురు అడిగితే ఏం చెప్పాలె?” అనేది. “సలీం భాయ్ ఉంటడు గద” అని నాయన. అమ్మ కోపంగానే నలుగురికి సరిపడా టిఫిన్ కట్టేది. ఆ పదిరోజులూ జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఉడకేసిన గుడ్లు. కోపం ఎక్కువున్న రోజు కారం ఎక్కువుండేది.

అయిదో రోజుకు నా గొంతు పోయింది. మాట బొంగురుపోవడం కాదు, గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఉమ్మితే ఎర్రటి జీర కనిపించింది. సలీం భాయ్ హెడ్‌ఫోను తీసి కింద పెట్టాడు. “చాలు బేటీ. నీ గొంతు ఖరాబైతే మీ నాయనకు నేనేం జవాబు చెప్పాలె? శ్రీధర్ పాడుతడు.” శ్రీధర్ ఒప్పుకోలేదు. “మాటలు యాదమ్మవి. నేను పాడితే అబద్ధం అయితది” అన్నాడు. నేను పలక మీద రాసినట్టు నేల మీద తౌడులో వేలితో ‘రేపు’ అని రాసి లేచాను.

ఇంటికి వచ్చి ఉప్పునీళ్లు పుక్కిలిస్తుంటే తాత చూశాడు. మర్నాడు ఆయన మందను పక్కింటివాళ్లకు అప్పగించి, నాతో పాటు బస్సెక్కాడు. జ్వరం వచ్చినా మంద వదలని మనిషి. మిల్లులో వేలాడుతున్న గోనెలను, వైర్లను తప్పించుకుంటూ లోపలికి వచ్చాడు. “నిన్న అరిసినట్టు అరువు” అన్నాడు. నేను ఒక లైను పాడబోయి దగ్గాను. తాత లేచి వచ్చి నా పక్కటెముకల కింద అరచేయి పెట్టాడు.

“గొంతుతోని అరుస్తున్నవ్. గొంతుతోని పిలిస్తే మంద ఇనదు. రెండు దినాలల్ల నీ గొంతు పోతది, మంద మంద లెక్కనే ఉంటది. గీడికెల్లి రావాలె. గాలి గీడ కట్టు. గొంతును ఇడిసిపెట్టు, అది ఒట్టి తోవ.”

గంటసేపు అలాగే నిలబెట్టాడు. గాలి పట్టడం, కడుపు బిగించడం, గొంతు వదిలెయ్యడం. మాట లేకుండా ఒట్టి గాలి. ఆ తర్వాత చిన్నగా శబ్దం. మధ్యాహ్నానికి నాలోంచి ఒక గర్జన వచ్చింది, నొప్పి లేకుండా. కిరణ్ అప్రయత్నంగా పెడలు తొక్కాడు. “అది, అదండీ, అదే” అన్నాడు. అప్పుడు తాత తన పిలుపు ఒకసారి పిలిచి చూపించాడు, నాకు తేడా తెలియాలని. సలీం భాయ్ రికార్డరు ఆన్ చేసి ఉంచాడని మాకు ఆ సాయంత్రం గాని తెలియలేదు.

ఆ పూటే లారీ పాట రికార్డు అవుతుండగా శ్రీధర్ వాళ్ల నాన్న హాల్లోకి వచ్చాడు. తాత కుర్చీలో కూర్చొని ఉన్నాడు. పటేల్‌ను చూడగానే లేవబోయాడు, జీవితమంతా చేసిన పని అది. ఆ నిమిషంలో పాటలో గిటారు ఆగే చోటు వచ్చింది. శ్రీధర్ మైకుకు దూరంగా, నెమ్మదిగా అన్నాడు: “తాతా, లేవకు. కుర్చీ సప్పుడు రికార్డయితది.” తాత సగం లేచి ఆగిపోయాడు. పటేల్ తన కొడుకు వైపు చూశాడు, తాత వైపు చూశాడు. చేత్తో కూర్చోమని సైగ చేసి, పాట అయ్యేదాకా గోనెసంచుల పక్కన తానే నిలబడ్డాడు. ఆయనకు ఆ పాట నచ్చలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. అయినా కదల్లేదు. తన మిల్లులో గొర్రెలు కాసే మనిషి కూర్చొని ఉండగా ఆయన అంతకుముందు ఎప్పుడూ నిలబడి ఉండడు.

ఏడు పాటలూ పదోరోజు మధ్యాహ్నానికి పూర్తయ్యాయి. సలీం భాయ్ తాత పిలుపును, క్యాసెట్‌లో మూడోదైన లారీ పాట ముందు పెట్టాడు. అట్ట మీద మా పేర్ల కింద ‘పిలుపు: మల్లయ్య తాత’ అని అచ్చువేయించాం. తాతకు చదవడం రాదు. అక్షరాల మీద వేలు పెట్టి చూపిస్తే, తన పేరు ఇంత పొట్టిగా ఉంటుందా అన్నాడు.

క్యాసెట్ వచ్చాక కోదాడలో ఒక కాలేజీ వార్షికోత్సవంలో రెండు పాటలకు అవకాశం దొరికింది. కాలేజీ పేరు ఇప్పుడెందుకు. మధ్యాహ్నం ఎండలో షామియానా, ముందు వరుసలో పెద్దలు. మాకు ముందు నాట్యం, తర్వాత మిమిక్రీ. మొదటి పాటలోనే ముందు వరుస చెవులు మూసుకుంది. రెండోది లారీ పాట. నేను మొదటి చరణంలో ఉండగా ఎవరో కరెంటు తీసేశారు. గిటారు చచ్చిపోయింది, మైకు చచ్చిపోయింది. నవ్వులు మొదలయ్యాయి. “దిగమ్మా, దిగండి” అని ఒక లెక్చరరు స్టేజి కిందనుంచి చేతులు ఊపుతున్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. కిరణ్ ఆపలేదు. డ్రమ్ముకు కరెంటుతో పనేముంది? నాయన పెడళ్లు రెండూ టకటకమంటూనే ఉన్నాయి. కిరణ్ నన్ను చూసి గడ్డంతో ముందుకు పొమ్మని సైగ చేశాడు. నేను మైకు స్టాండు పక్కకు జరిపి, స్టేజి అంచుకు వచ్చి, గాలి కడుపులో కట్టి పాట అందుకున్నాను. షామియానా చివరి గుంజదాకా నా గొంతు వెళ్లింది. నాకే తెలిసింది వెళ్లిందని. శ్రీధర్ మోగని గిటారును పాట అయ్యేదాకా వాయిస్తూనే ఉన్నాడు. సగం మంది లేచిపోయారు. ఒకళ్లిద్దరు కాగితం ఉండలు విసిరారు. చివర్లో మాత్రం, వెనక నీళ్ల డ్రమ్ముల దగ్గర పనిచేస్తున్న ఆడవాళ్లు నలుగురు పని ఆపి నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒకామె చప్పట్లు కొట్టింది. ఆ పూట మాకు దొరికిన చప్పట్లు అవే.

దాని ఫలితాలు వరుసగా వచ్చాయి. బ్యాండు మేళం యజమాని పరువు పోయిందని కిరణ్‌ను తీసేశాడు. అతను మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ పనికి వెళ్లాడు. క్యాసెట్లు సలీం భాయ్ షాపులో భక్తికీ జానపదానికీ మధ్య అరలో కూర్చున్నాయి. కొన్నవాళ్లు కూడా టేపు పాడైందని తెచ్చి మార్చుకుపోయారట. చివరికి మిగిలినవన్నీ శ్రీధర్ మిల్లుకు తీసుకెళ్లాడు. మా ఇంటికేమో చుట్టాలు వచ్చారు. పిల్ల కోదాడలో దేవత పూనినట్టు శిగం ఊగిందట, దేవుడి దగ్గర చూపించండి అని అమ్మకు చెప్పి వెళ్లారు. అమ్మ ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

నాయన డ్యూటీ నుంచి వచ్చి, సంగతి విని, కాళ్లు కడుక్కున్నాడు. టేపు రికార్డరు వాకిట్లో పెట్టి, క్యాసెట్ వేసి, అట్ట విప్పి పాటల కాగితం మోకాళ్ల మీద పరుచుకున్నాడు. పాడేది అర్థం కావడం లేదు కాబట్టి వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదువుతూ విన్నాడు. లైను తప్పిపోతే వెనక్కి తిప్పాడు. ఏడు పాటలు అయ్యేసరికి గంట పైనే పట్టింది. గోడ పక్కన నిలబడి నా కాళ్లు లాగుతున్నాయి. అమ్మ కూడా తలుపు దగ్గరే ఉంది. నాయన కాగితాన్ని ఉన్న మడతల మీదే మళ్లీ మడిచి డబ్బాలో పెట్టాడు.

“గా మూడో పాటల తాత పిలుపు గంత సన్నగ ఎందుకు పెట్టిండ్రు? జర పెద్దగ పెట్టాల్సుండె” అన్నాడు.

ఆ ఆల్బం మీద వచ్చిన సమీక్ష అదొక్కటే. ఇప్పటికీ అది సరైన మాటేననుకుంటాను.

తర్వాత చదువు, ఉద్యోగం. తాత పోయాడు, సలీం భాయ్ పోయాడు, నాయనా పోయాడు. శ్రీధర్ మిల్లు చూసుకున్నాడు, గిటారు తీగలు తుప్పు పట్టాయి. మమ్మల్ని ఎవరూ విడదీయలేదు. ఓడిపోయామని ఒకరితో ఒకరం అనలేక కలుసుకోవడం మానేశాం. అప్పట్లో మాకు లేనివి ఇప్పుడు పిల్లల జేబుల్లో ఉన్నాయి. రికార్డింగు, ఫొటో, ప్రపంచానికి పంపే దారి, అన్నీ ఒక్క ఫోనులోనే. నా క్లాసులో పిల్లలు అరగంటలో పాట తయారు చేసి చూపిస్తారు, బాగానే ఉంటుంది. గోనెలు వేలాడదీయకపోవడం వల్ల వాళ్లు ఏదో కోల్పోయారని నేను అనను. మా రోజులే గొప్పవంటే అబద్ధమవుతుంది. ఇప్పుడైతే కిరణ్ ఉద్యోగం పోయేది కాదేమో. అయితే మేం కూడా ఈ కాలంలోనే బతుకుతున్నాం కదా అన్నది నాకు మిల్లులో అట్టపెట్టె ముందు కూర్చున్నప్పుడు తట్టింది.

శ్రీధర్ కూతురు ఆ క్యాసెట్లలో మంచిది చూసి కంప్యూటర్లోకి ఎక్కించి నెట్‌లో పెట్టింది. విన్నవాళ్లు చాలా కొద్దిమంది. ఎక్కడివాడో ఒకడు ‘ఇది ఏ భాష?’ అని రాశాడు. మేమిద్దరం కోదాడ వెళ్లి కిరణ్‌కు చూపించాం. కిరణ్ ఫ్యాక్టరీ మానేసి టెంటుహౌసు పెట్టుకున్నాడు. అక్కడ రాళ్లు పగలగొట్టే క్రషరు దగ్గర పనిచేసిన ఏళ్లకు ఎడమ చెవి దాదాపు పోయింది. కుడి చెవి ఫోనుకు ఆనించి ఏడు పాటలూ విన్నాడు.

“తెలుగు అని రాయండి వాడికి” అన్నాడు. తర్వాత, “నాలుగో పాటలో నేను రెండుచోట్ల తప్పు కొట్టాను. ఇన్నేళ్లూ అది నా బుర్రలో తిరుగుతానే ఉంది. ఎప్పుడు మొదలెడదాం?”

“ఏంది మొదలువెట్టేది?” అన్నాడు శ్రీధర్. “నా నడుము సూసినవా? యాదమ్మకు బీపీ ఉంది.”

“కూర్చొని వాయించు. నాకు చెవి లేదు, కాళ్లున్నాయిగా.”

ఇద్దరూ నా వైపు చూశారు. నాకు యాభై దాటాయి. రోజుకు నాలుగు క్లాసులు చెబితే సాయంత్రానికి గొంతు రాదు. ఈ వయసులో అరిస్తే కాలేజీలో ఏమంటారో, ఇంట్లో ఏమంటారో నాకు తెలియనిది కాదు. “ఆదివారం పొద్దున తొమ్మిదింటికి” అన్నాను.

మొదటి ఆదివారం టెంటుహౌసు షెడ్డులో, కుర్చీల దొంతరల మధ్య, సగం చరణానికే ఊపిరి అయిపోయి అద్దెకిచ్చే పెద్ద టీ థర్మాసు మీద చెయ్యేసి కూలబడ్డాను. షట్టరు దగ్గర చేరినవాళ్లు ఎవరికో ఏదో అయిందని లోపలికి తొంగి చూశారు. కిరణ్ వాళ్లకు కుర్చీలు వేశాడు. రెండో ఆదివారం చరణం నిలిచింది. ఇది రాస్తున్న నాటికి తొమ్మిది ఆదివారాలు అయ్యాయి. రెండు పాటలు ఆగకుండా పాడగలుగుతున్నాను. మూడోదానికి ఇంకా ఊపిరి చాలడం లేదు. శ్రీధర్ పాట వేగం కొంచెం తగ్గిద్దామన్నాడు. వద్దన్నాను.